విడాకుల తేదీ ముందా, విమానం తేదీ ముందా?

90 రోజులు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు అడగడానికి అక్కడ అన్ని రోజులు నివాసం ఉంటే సరిపోయింది. 1975 ఫిబ్రవరిలో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్లి చేసుకున్న ఒక తెలుగు భర్త ఆ 90 రోజుల నివాసం చూపించి, 1980లో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, క్రిమినల్ కేసు పెట్టింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 జులైలో కోర్టు తేల్చి చెప్పింది: ఆ విదేశీ డిక్రీ మన దేశంలో చెల్లదు. వై.నరసింహారావు వర్సెస్ వై.వెంకటలక్ష్మి పేరుతో ఆ తీర్పును ఇప్పటికీ దేశమంతటా కోర్టులు ఉదహరిస్తున్నాయి.

ఆ కేసు పెళ్లి చెల్లుబాటు గురించి. ఈనాడు అదే ప్రశ్న డబ్బు రూపంలో ఎదురవుతోంది. నర్సీపట్నం లాంటి ఊళ్ల నుంచి కూడా పిల్లలు డాలస్‌కో దుబాయ్‌కో లండన్‌కో వెళ్తున్నారు. కొన్ని పెళ్లిళ్లు నిలవడం లేదు. విడిపోయేటప్పుడు పెద్దమనుషులు, వకీళ్లు అంతా ‘ఎంత ఇస్తారు’ అన్న ఒక్క అంకె చుట్టూ తిరుగుతారు. కానీ చేతికి నిజంగా మిగిలేది ఎంత అన్నది రెండు తేదీలు నిర్ణయిస్తాయి. ఒకటి విడాకుల డిక్రీ తేదీ, రెండోది విమానం ఎక్కిన తేదీ. ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి లక్షల్లో తేడా వస్తుంది. కొన్నిచోట్ల భూమే చేతికి రాకుండా పోతుంది.

లెక్కలు అర్థం కావడానికి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. నర్సీపట్నంలో ఉంటున్న భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిపోవాలనుకున్నారు. పట్టణంలో భార్య పేర 2012-13లో 30 లక్షలకు కొన్న ఇంటి స్థలం ఉంది. గొలుగొండ వైపు భర్త పేర జీడితోట ఉంది. ఆ తోట ఆవిడకు ఇస్తానన్నాడు. ఆవిడ ఆగస్టు 15న అమెరికా బయల్దేరబోతోంది. పన్ను రేట్లన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ఒకే మనిషి, నాలుగు లెక్కలు

ఆవిడ ఏ దేశ నివాసి? దీనికి ఒక్క జవాబు లేదు. నాలుగు చట్టాలు నాలుగు రకాలుగా లెక్కిస్తాయి.

మొదటిది ఆదాయపు పన్ను చట్టం. ఇది రోజులు లెక్కపెడుతుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు 182 రోజులు లేదా అంతకు మించి దేశంలో ఉంటే ఆ ఏడాదికి నివాసి. అంతకంటే తక్కువ ఉన్నా, ఆ ఏడాది 60 రోజులు, దానికి ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉంటే కూడా నివాసే. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరులకు మాత్రం, వెళ్లిన ఏడాదికి ఆ 60 స్థానంలో 182 వస్తుంది.

రెండోది విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా. ఇది ఉద్దేశం చూస్తుంది. ఉద్యోగానికో, వ్యాపారానికో, ఎంతకాలమో తెలియని బసకో దేశం దాటితే అప్పటి నుంచే ఆ మనిషి ప్రవాసి. విదేశాల్లో చదువుకునే విద్యార్థులను కూడా ప్రవాసులుగానే చూడాలని రిజర్వు బ్యాంకు 2003లో చెప్పింది. బ్యాంకు ఖాతాలకు, భూములకు వర్తించేది ఈ లెక్క.

మూడోది హిందూ వివాహ చట్టం. పెళ్లి జరిగిన చోట, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట, ప్రతివాది ఉంటున్న చోట విడాకుల పిటిషన్ వేయవచ్చు. 2003 సవరణ తర్వాత, పిటిషన్ వేసేది భార్య అయితే తాను ఉంటున్న చోట కూడా వేయవచ్చు. పరస్పర అంగీకార విడాకులకైతే పిటిషన్ నాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. పద్దెనిమిది నెలల్లోపు ఇద్దరూ కలిసి మళ్లీ కోర్టును అడగాలి. ఆ ఆరు నెలలను పరిస్థితిని బట్టి కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగోది అమెరికా పన్ను చట్టం. అక్కడ ఏడాది జనవరి 1న మొదలవుతుంది. గ్రీన్‌కార్డు లేనివాళ్లకు మూడేళ్ల రోజులు కలిపి చూస్తారు: ఈ ఏడాది రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, అంతకు ముందటివి ఆరో వంతు. మొత్తం 183 చేరి, ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉంటే అక్కడి నివాసి. వరుసగా మూడేళ్లు ఏటా 120 రోజులు ఉన్న మనిషికి 120, 40, 20 కలిపి 180 వస్తుంది. మూడు రోజుల తేడాతో అక్కడి నివాసి కాదు. ఎఫ్-1 వీసా విద్యార్థుల రోజులు మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు ఈ లెక్కలోకే రావు.

అదే విమానం, వేరే పన్ను

మన ఉదాహరణలో ఆవిడ ఆగస్టు 15న వెళ్తోంది. ఏప్రిల్ 1 నుంచి బయల్దేరిన రోజుతో కలిపి 137 రోజులు.

ఉద్యోగానికి వెళ్తే ఆమెకు గీత 182 దగ్గర ఉంది. 137 రోజులే కాబట్టి ఆ ఏడాదికి ప్రవాసి. అమెరికా జీతం మీద ఇక్కడ పన్ను లేదు. ఈ వెసులుబాటు కావాలంటే సెప్టెంబరు 28 లోపు బయల్దేరాలి. అప్పటికి 181 రోజులు అవుతాయి. 29న వెళ్తే 182 నిండి ఆ ఏడాదంతా నివాసి అవుతుంది.

చదువుకు వెళ్తే చట్టంలోని ‘ఉద్యోగం’ అన్న వెసులుబాటు ఆమెకు అందదు. గీత 60 రోజుల దగ్గరే ఉంటుంది. మే 29 లోపు వెళ్తే తప్ప ఆ ఏడాదికి నివాసే. మార్చి 31 వరకు అమెరికాలో వచ్చే స్టైపెండును కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడగవచ్చు.

గమనించండి. ఆదాయపు పన్ను లెక్కలో ఆ విద్యార్థిని మార్చి 31 దాకా ఇక్కడి నివాసి. ఫెమా లెక్కలో మాత్రం దేశం దాటినప్పటి నుంచే ప్రవాసి. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

ప్రవాసి అయితే అంతా లాభమే అన్న నమ్మకం కూడా సరికాదు. భరణం, స్థలం లెక్కలు చూస్తే అది తెలుస్తుంది.

భరణం: ఒకేసారా, నెలనెలా?

ఒకేసారి ఇచ్చే శాశ్వత భరణం మూలధన రాబడి కిందికి వస్తుందని, దానిపై ఆదాయపు పన్ను లేదని బొంబాయి హైకోర్టు 1983లో ప్రతాప్‌గఢ్ రాకుమారి మహేశ్వరీ దేవి కేసులో చెప్పింది. నెలనెలా అందే భరణం మాత్రం ఆదాయమేనని అదే తీర్పు చెప్పింది. చెల్లించే భర్తకు రెండు పద్ధతుల్లోనూ పన్ను మినహాయింపు ఉండదు.

నెలకు 50 వేలు అనుకుందాం. ఏడాదికి 6 లక్షలు. ఆవిడ నివాసి అయి, వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది. పన్ను సున్నా. ప్రవాసికి ఆ రిబేటు లేదు. సొమ్ము ఇక్కడి ఖాతాలో పడుతూ ఉంటే, 4 లక్షలు పోను మిగిలిన 2 లక్షల మీద 5 శాతం 10 వేలు, సెస్సుతో 10,400. నెలకు లక్ష అయితే తేడా ఇంకా పెద్దది: నివాసికి సున్నా, ప్రవాసికి 62,400.

భారత్, అమెరికాల మధ్య పన్ను ఒప్పందంలో 20వ అధికరణం భరణం, పిల్లల పోషణ సొమ్ముల గురించి మాట్లాడుతుంది. పిల్లల పోషణకు క్రమంగా ఇచ్చే సొమ్ము మీద పన్ను వేసే హక్కు చెల్లించేవాళ్ల దేశానికే ఉంటుంది. భరణం, పిల్లల ఖర్చు కలిపి ఒకే మొత్తంగా రాయించుకుంటే ఈ తేడా వాడుకోలేం. ఒప్పంద పత్రంలో రెంటినీ విడివిడిగా రాయించుకోవాలి.

పిల్లల పేర డిపాజిట్ వేస్తే పన్ను ఎవరికి? మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఒకరి ఆదాయంలో కలుపుతారు. పెళ్లి రద్దయ్యాక, పిల్లల్ని పోషిస్తున్నవారి ఆదాయంలో కలుస్తుంది. తండ్రి వేసిన డిపాజిట్ మీద వడ్డీకి తల్లి పన్ను కట్టాల్సి వస్తుందన్నమాట. ఇది భరణం మాట్లాడుకునేటప్పుడే లెక్కలోకి రావాలి.

ఎంత అడగవచ్చు అన్నదానికి ఒక కొలత: భర్త నికర జీతంలో 25 శాతం సమంజసమని 2017లో కల్యాణ్ డే చౌధురి కేసులో సుప్రీంకోర్టు అంది. అది గట్టి సూత్రం కాదు, సూచిక మాత్రమే. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయాలు, అప్పుల అఫిడవిట్ కోర్టుకు ఇవ్వాలి.

జీడితోట: ఇక్కడ తేదీయే సర్వస్వం

నర్సీపట్నం డివిజన్‌లో కుటుంబ ఆస్తి అంటే ఎక్కువగా భూమే. వరి, చెరకు, జీడి. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం, అర ఎకరం కూడా అందులో ఉంటుంది. ఆదాయపు పన్నుకంటే ముందు ఫెమాను గుర్తు పెట్టుకోవాల్సింది ఇక్కడే.

ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. గిఫ్టుగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. ఇక్కడ నివాసిగా ఉన్నప్పుడే సంపాదించుకున్న భూమినైతే ప్రవాసి అయ్యాక కూడా ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే దేశంలో నివసించే భారతీయులకే అమ్మాలి.

మన ఉదాహరణలో ఆగస్టు 14న జీడితోట ఆవిడ పేర రిజిస్టర్ అయితే అది జీవితాంతం ఆవిడది. ఆమె వెళ్లిపోయాక రిజిస్టర్ చేయబోతే చట్టం అడ్డుపడుతుంది. భర్త మాట తప్పకపోయినా, కోర్టులో రాజీ కుదిరినా, తోట చేతికి రాదు. ముందు వీసా పని చూసుకుందాం, భూమి సంగతి తర్వాత అనుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

తోట అమ్ముకోవాలంటే మరో కొలత ఉంది. జనాభా 10 వేలకు మించి లక్ష లోపు ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు దాటిన వ్యవసాయ భూమి మూలధన ఆస్తి కాదు. నర్సీపట్నం మున్సిపాలిటీ ఈ తరగతిలోనే ఉంది. ఈ 2 కిలోమీటర్లను రోడ్డు వెంట కాకుండా తిన్నగా గీత గీసి కొలుస్తారు. ఆ గీతకు అవతల గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం, రోలుగుంట పల్లెల్లోని సాగు భూమి అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. అమ్మింది ప్రవాసి అయినా అంతే. పట్టణ హద్దు లోపలి పొలానికి ఈ మినహాయింపు రాదు. జనాభా లక్ష దాటిన ఊళ్లకు హద్దు 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు. విశాఖ చుట్టుపక్కల భూములకు వర్తించేది ఆ చివరి లెక్క.

60 లక్షల స్థలం

ఇప్పుడు ఆవిడ సొంత స్థలం సంగతి. 2012-13లో 30 లక్షలకు కొన్నది 60 లక్షలకు అమ్ముతోంది. లాభం 30 లక్షలు.

2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక మూలధన లాభం మీద పన్ను 12.5 శాతం, ధరల సూచీ సర్దుబాటు లేకుండా. అంతకు ముందు కొన్న స్థలాలు, ఇళ్ల విషయంలో నివాసులకు పాత పద్ధతి కూడా చూసుకునే వీలుంచారు: సూచీతో సర్దుబాటు చేసి 20 శాతం. రెంటిలో తక్కువ ఏదైతే అది కట్టవచ్చు. ఈ వీలు ప్రవాసులకు లేదు.

ప్రవాసిగా అమ్మితే: 30 లక్షల మీద 12.5 శాతం, అంటే 3,75,000. సెస్సుతో 3,90,000.

నివాసిగా అమ్మితే: 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. కొన్న ధర 56,40,000గా మారుతుంది. లాభం 3,60,000. దాని మీద 20 శాతం 72,000. సెస్సుతో 74,880.

తేడా 3,15,120 రూపాయలు. అదే స్థలం, అదే ధర, అదే కొనుగోలుదారు.

టీడీఎస్ (మూలంలోనే కోసే పన్ను) సంగతీ అంతే. అమ్మేది నివాసి అయితే 50 లక్షలు, ఆపై లావాదేవీకి కొనేవారు 1 శాతం పట్టుకుంటారు. ఇక్కడ 60 వేలు. అమ్మేది ప్రవాసి అయితే, ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, కొనేవారు ముందుజాగ్రత్తగా మొత్తం ధర మీదే కోస్తారు. 12.5 శాతానికి సర్‌చార్జి, సెస్సు కలిపితే 14.3 శాతం. 60 లక్షల మీద 8,58,000. కట్టాల్సిన పన్ను 3,90,000 మాత్రమే. మిగతా 4,68,000 రిటర్ను వేసి వాపసు వచ్చేదాకా చిక్కుకుపోతుంది. కొత్త దేశంలో ఇంటి అద్దె, అడ్వాన్సు కట్టుకోవాల్సిన సమయంలోనే ఆ సొమ్ము చేతిలో ఉండదు.

ఇందులో చాలామందికి తట్టని మెలిక ఒకటుంది. ఆదాయపు పన్నులో నివాసం ఏడాది మొత్తానికి ఒకటే. ఆవిడ మే నెలలో నర్సీపట్నంలో ఉండగానే స్థలం అమ్మి, ఆగస్టులో ఉద్యోగానికి వెళ్తే, ఆ మే నెల అమ్మకం కూడా ప్రవాసి అమ్మకమే అవుతుంది. పాత పద్ధతి వీలు పోతుంది. ఉద్యోగానికి వెళ్లేవారు అంతకు ముందు మార్చి 31 లోపు అమ్ముకోవాలి, లేదా సెప్టెంబరు 28 దాటాక బయల్దేరాలి. ఆగస్టులో చదువుకు వెళ్లేవారికి ఈ చిక్కు లేదు. ఆ ఏడాది వారు ఎటూ నివాసులే కాబట్టి మార్చి 31 దాకా గడువుంది.

పెళ్లి ఉండగా ఇస్తే, పోయాక ఇస్తే

భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకునే గిఫ్టు మీద పుచ్చుకున్నవారికి పన్ను లేదు. అయితే భర్త ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని మళ్లీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. విడిగా ఉండేందుకు చేసుకున్న ఒప్పందం కింద ఇచ్చిన ఆస్తికి ఈ కలిపివేత వర్తించదని చట్టమే చెబుతోంది. అందుకే దస్తావేజులో ‘ప్రేమాభిమానాలతో’ అని రాసి వదిలేయకుండా, ఏ తేదీ నాటి ఒప్పందం కింద ఈ ఆస్తి ఇస్తున్నారో రాయించాలి.

డిక్రీ వచ్చిన మర్నాటి నుంచి వారు చట్టం దృష్టిలో బంధువులు కారు. బంధువులు కానివారి నుంచి 50 వేలు దాటి ఉచితంగా వచ్చిన డబ్బు, ఆస్తి పుచ్చుకున్నవారి ఆదాయంగా లెక్కకొస్తాయి. డిక్రీలో రాసి ఉన్న భరణానికి కోర్టు ఉత్తర్వే రక్ష. డిక్రీలో లేకుండా ‘తర్వాత చూసి ఇస్తాలే’ అన్నదానికి ఆ రక్షణ లేదు. పన్ను అధికారి అడిగితే చూపించడానికి కాగితం ఉండదు.

బ్యాంకు ఖాతాల్లోనూ ఇదే సూత్రం. ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల విదేశీ సంపాదన) ఖాతాలో ఇక్కడి నివాసిని జతచేయాలంటే దగ్గరి బంధువు అయి ఉండాలి. విడాకుల తర్వాత ఆ అర్హత పోతుంది. మామూలు సేవింగ్స్ ఖాతాను దేశం వదిలాక ప్రవాసుల సాధారణ ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ వడ్డీ మీద సెస్సుతో 31.2 శాతం టీడీఎస్ పోతుంది. నివాసి డిపాజిట్‌కైతే 10 శాతమే, అదీ ఏడాది వడ్డీ 50 వేలు దాటితేనే.

ఒకేసారి ఇచ్చే 60 లక్షల భరణాన్ని భర్త ఇక్కడి నుంచి డాలర్లుగా పంపాలనుకుంటే? నివాసి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. కానీ 10 లక్షలు దాటిన సొమ్ముపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (మూలంలోనే రాబట్టే పన్ను) వసూలు చేస్తుంది. 50 లక్షల మీద 10 లక్షలు. భర్త తర్వాత తన పన్నులో సర్దుకోవచ్చు గానీ, ముందు కట్టక తప్పదు. అదే సొమ్ము ఆమె దేశంలో ఉండగానే ఆమె ఖాతాలో పడితే, వెళ్లాక తన ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. అక్కడ టీసీఎస్ లేదు.

వాయిదాలకు వచ్చిన రోజులూ లెక్కే

డిక్రీ రాకముందే వెళ్లిపోయినవాళ్లు వాయిదాలకు తిరిగి వస్తుంటారు. ఆ రోజులన్నీ కూడుతాయి. చుట్టపుచూపుగా వచ్చే ప్రవాసికి మామూలు హద్దు 182 రోజులు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటిన ఏడాది మాత్రం 120 రోజులకే, ముందు నాలుగేళ్ల 365 రోజుల షరతుతో, నివాసం లెక్కకొస్తుంది. స్థలం అమ్మిన ఏడాది లాభం 30 లక్షలు ఆ ఆదాయంలో భాగమే. అందుచేత స్థలం అమ్మకం, సుదీర్ఘంగా ఊళ్లో ఉండి కేసు నడపడం ఒకే ఏడాదిలో పెట్టుకునేముందు రోజులు చూసుకోవాలి.

అక్కడి నుంచే జీపీఏ (అధికార పత్రం) ఇచ్చి తల్లిదండ్రులతో పనులు చేయించుకోవచ్చు. ఆ పత్రం దేశంలోకి వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి.

అటు నుంచి ఇటు వచ్చేవారికి

అమెరికాలో కాపురం చేసి, విడిపోయి పుట్టింటికి వచ్చే ఆడపిల్లల లెక్క వేరు. హెచ్-4 వీసా పెళ్లి మీద ఆధారపడినది. విడాకుల డిక్రీతో దానికి ఆధారం పోతుంది. కాబట్టి డిక్రీ తేదీకి ముందే ఆస్తుల పంపకం పూర్తి కావాలి. దీనికి పన్ను కారణం కూడా ఉంది. అమెరికాలో భార్యాభర్తల మధ్య, విడాకులలో భాగంగా జరిగే ఆస్తి బదిలీ మీద లాభాల పన్ను లేదు. కానీ పుచ్చుకునేవారు అప్పటికే ఆ దేశంలో నివాసి కాని విదేశీయులైతే ఈ మినహాయింపు లేదు. లక్ష డాలర్ల లాభంలో ఉన్న షేర్లను భార్య డాలస్‌లో ఉండగా బదిలీ చేస్తే పన్ను లేదు. ఆమె నర్సీపట్నం వచ్చి, అక్కడి నివాసి కాకుండా పోయాక చేస్తే 15 శాతం రేటున భర్త మీద 15 వేల డాలర్లు పడుతుంది. ఆ భారం చూపించి ఆమె వాటా తగ్గిస్తామంటారు.

అక్కడ 2018 డిసెంబరు 31 తర్వాత కుదిరిన విడాకుల్లో భరణం పుచ్చుకునేవారికి పన్ను లేదు, ఇచ్చేవారికి మినహాయింపు లేదు. ఏడాది మొత్తానికి పెళ్లయినవారా కాదా అన్నది డిసెంబరు 31 నాటి స్థితిని బట్టి తేలుస్తారు. డిసెంబరు 30న డిక్రీ వస్తే ఆ ఏడాదంతా ఒంటరివారే.

తిరిగి వచ్చాక ఇక్కడ కొంత ఊరట ఉంది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారు, లేదా గత ఏడేళ్లలో కలిపి 729 రోజులు లేదా అంతకు తక్కువ ఇక్కడ ఉన్నవారు ‘సాధారణ నివాసి కాని నివాసి’ అవుతారు. ఆ కాలంలో విదేశాల్లో వచ్చే ఆదాయం మీద సాధారణంగా ఇక్కడ పన్ను లేదు. పూర్తి నివాసి అయ్యాక మాత్రం విదేశీ ఖాతాలు, షేర్లు అన్నీ రిటర్నులో చూపాలి. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాకుండా మిగతావి కలిపి 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా నుంచి మినహాయించారు.

ఏ కోర్టు డిక్రీ?

మళ్లీ 1991 తీర్పు దగ్గరికి. విదేశీ డిక్రీ ఇక్కడ నిలవాలంటే, ఆ జంట పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణంతో ఇచ్చి ఉండాలి. మినహాయింపులు మూడు: ప్రతివాది స్థిరంగా ఉంటున్న చోటే, మన చట్టంలో ఉన్న కారణంతో కేసు వేయడం, ప్రతివాది తనంతట తాను హాజరై అటువంటి కారణం మీద వాదించడం, విడాకులకు ప్రతివాది ఒప్పుకోవడం. నోటీసు పంపించి ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ ఈ మూడింటిలోకీ రాదు. అలాంటి కాగితాన్ని నమ్ముకుని ఆస్తులు పంచుకుంటే, మన చట్టం దృష్టిలో వారు ఇంకా భార్యాభర్తలే.

డబ్బు వసూలుకూ దేశాన్ని బట్టి దారి మారుతుంది. బ్రిటన్, సింగపూర్, 2020 జనవరి నుంచి యూఏఈ పరస్పర గుర్తింపు ఉన్న దేశాలు. అక్కడి పై కోర్టుల డబ్బు డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి డిక్రీ ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, గడువు 3 ఏళ్లు.

సంతకానికి ముందు

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు, ఫారాల పేర్లు మారాయి. 182, 120, 60, 729 రోజుల లెక్కలు మారలేదు.

ఒప్పంద పత్రం మీద సంతకం చేసేముందు ఒక కాగితం మీద ఐదు తేదీలు వరసగా రాసుకోండి: విడిగా ఉండేందుకు ఒప్పందం, వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, ఒకేసారి ఇచ్చే భరణం జమ, కోర్టు డిక్రీ, విమాన ప్రయాణం. మామూలుగా క్షేమమైన వరస ఇదే. స్థలం అమ్మేది ఉంటే దాన్ని ఏ ఆర్థిక సంవత్సరంలో అమ్మాలో వెళ్లే కారణాన్ని, వెళ్లే నెలను బట్టి తేల్చుకోండి. వకీలు ఒకచోట, ఆడిటరు మరోచోట సలహా ఇస్తే ఈ తేదీలు కలవవు. ఇద్దర్నీ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోబెట్టండి.

ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ‘తొందరగా తెగదెంపులు చేసుకుని పంపించేద్దాం’ అన్న ఆత్రంలో భూమి కాగితాన్ని వాయిదా వేయకండి. విమానం టికెట్ తేదీ మార్చుకోవడానికి కొన్ని వేలు ఖర్చవుతాయి. రిజిస్ట్రేషన్ ఆ తేదీ దాటితే జీడితోటే పోతుంది.